కుదురు లేని తోట

మా బాబాయి నాటిన మొక్క నాటినచోట ఉండదు. ఆయన గురించి మా వీధంతా చెప్పే మొదటి మాట ఇదే. పొద్దున నాటుతాడు. సాయంత్రం దాని ముందు గొంతుక్కూర్చుని, నాడి చూసే వైద్యుడిలా ఆకు పట్టుకుని, "అబ్బే, దీనికిక్కడ పడటం లేదు" అంటాడు. అంతే, పార పట్టుకుని నేను హాజరవ్వాలి. అదే వీధిలో ఇల్లు తీసుకున్న పాపానికి ప్రతి సెలవురోజూ నాకు తవ్వకమే.

అలాగని ఆలోచన లేకుండా దిగుతాడా అంటే అదీ కాదు. ఈ ఏడు విత్తనాల కాలం రాగానే భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బాని బావి చేశాడు, గరిటెని నీళ్ళ గొట్టం చేశాడు, గిన్నెల మీది మూతలన్నీ మడులు చేసి పెరడంతా పరిచేశాడు. కూర మీద ఈగలు వాలుతున్నా పిన్ని ఓపిగ్గా నిలబడింది.

"వంగ నా వంటింటి కిటికీ పక్కనే ఉండాలి" అంది.

"ఖాయం."

"పందిరి మధ్యలో వెయ్యండి. సొర, బీర, చిక్కుడు మూడూ దానిమీదే పాకాలి."

"ఖాయం అన్నానా!"

"పోయినేడు కూడా అన్నారు."

పెరడంటే చిన్నదేం కాదు, ఇంటికన్నా అదే పెద్దది. ముగ్గుపిండితో గీతలు గీసి, ఎరువు కలిపి, మడులు కట్టి, పందిరి లేపేసరికి నా నడుం విరిగింది. పందిరి కింద మూడు తీగలూ మొలిచాయి. అవి నాలుగాకులు వేశాయో లేదో, బాబాయి వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మాయ్, సొరకిక్కడ పడటం లేదు."

"ఎండుంది, నీళ్ళున్నాయి, పందిరుంది. ఇంకేం కావాలి బాబాయ్, ఫ్యానా?"

"దాని చూపు చూడవే. గోడవైపే చూస్తోంది."

మట్టిగడ్డతో సహా సొర గోడ పక్కకి కాపురం మార్చింది. మర్నాడు బీరకి పడలేదు. ఆ తర్వాత చిక్కుడుకీ పడలేదు. చివరికి పందిరి మీద మిగిలింది పిన్ని ఆరేసిన తువ్వాలొక్కటే. "ఇన్నేళ్ళూ నన్ను ఒకే ఇంట్లో ఉంచారు, అదే పదివేలు" అంది పిన్ని.

ఆ గోడకి అవతల టైలరుగారుంటారు. ఒంటరి మనిషి. చూపు మందగించి దుకాణం మూసేశాక ఆయన వంటింట్లో చప్పుడు తగ్గిపోయింది. అందరికీ కొలత తప్పకుండా కుట్టిన మనిషికి తన చొక్కాయే వదులైపోయింది. పంతం మాత్రం అంగుళం తగ్గలేదు. పోయినేడు పిన్ని సంచీడు కూరగాయలు పంపితే, "ఊరికే పుచ్చుకునే అలవాటు నాకు లేదమ్మా" అని సంచీని అలాగే తిప్పి పంపారు.

అలాంటి మనిషి మీద మా బాబాయి ఈ ఏడు కయ్యానికి కాలు దువ్వాడు. తీగలు గోడెక్కి, అటు దిగి, కాపు పట్టేసరికి రోజూ పొద్దున్నే స్టూలెక్కి అరిచేవాడు.

"ఏమండోయ్ టైలరుగారూ! అటు కాసినవి కూడా మావే. ముట్టుకుంటే ఊరుకోను!"

"నా పెరట్లోకొచ్చి, నా ఎండ తిని, మీవెట్లా అవుతాయండీ?" అని అవతల్నుంచి గొంతు. ఆ వెంటనే బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర కరుక్కుమనేది.

"చూశావా దౌర్జన్యం!" అంటూ బాబాయి దిగేవాడు. అన్యాయం జరిగిన మనిషి అంత హుషారుగా కాఫీ తాగడం నేనెక్కడా చూడలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. నడుం పోగొట్టుకున్నది నేను, సొరకాయలు టైలరుగారివా? ఓ ఆదివారం బాబాయి నీళ్ళు పడుతుండగా నేనే స్టూలెక్కి, తీగల్ని ఒక్కొక్కటే ఇటు లాగడం మొదలుపెట్టాను. ఆయన గొట్టం పడేసి, బురదలో జారుతూ పరిగెత్తుకొచ్చాడు.

"నీ దుంప తెగ! వదులు, వదులు!"

"అన్నీ ఆయనే కోసుకుపోతుంటే చూస్తూ ఊరుకోనా?"

"కోసుకోవాలనే కదే నేను..." అని ఆగి, గోడవైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇస్తే తీసుకోడే ఆ మొండి మనిషి. గొడవపడితే తీసుకుంటాడు."

తీగ నా చేతిలో అలాగే ఉండిపోయింది. కిటికీలోంచి పిన్ని నవ్వుతోంది. పందిరి ఖాళీ అయినప్పుడే ఆవిడకి సంగతి తెలిసిపోయిందట. నాకు బాబాయి మీద ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. లాగిన తీగలన్నీ జాగ్రత్తగా మళ్ళీ అటే వేశాను.

అంతలో అవతల్నుంచి గొంతు లేచింది. మా గుసగుసలు ఆయనకి వినపడ్డాయో లేదో ఆ సొరతీగకే తెలియాలి.

"ఏమండీ! సొర, బీర, చిక్కుడు నా మీద దండెత్తాయి, సరే. వంకాయలేవీ? వాటికి గోడెక్కే ధైర్యం లేదా?"

బాబాయి మొహం వెలిగిపోయింది. గబగబా స్టూలెక్కి, "మా వంకాయల్ని అంటే మర్యాదగా ఉండదు!" అని అరిచాడు. దిగుతూనే వెళ్ళి కిటికీ పక్కన వంగమొక్క ముందు గొంతుక్కూర్చుని ఆకు పట్టుకున్నాడు.

"అమ్మాయ్, దీనికిక్కడ..."

"తెలుసు" అంటూ పార అందుకున్నాను. మొక్కని గోడ మీద పెట్టడానికి పిన్ని అప్పటికే పాత బకెట్టు తెస్తోంది.