ఆటలో పట్టిన దెయ్యం

పర్చూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఇషాక్, ఆదివారం సాయంత్రాలు ఇంట్లో కథల ఆట ఆడిస్తాడు. కథ చెప్పేది అతను. వచ్చినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఏం చేయబోతున్నారో చెప్పి, అది జరుగుతుందో లేదో తేల్చడానికి స్టీలు పళ్లెంలో పాచిక వేస్తారు. ఇషాక్ ఒళ్లో ఎనిమిది నెలల కూతురు సిద్దికా ఉంటుంది. ఎంత పడిందో చూడకముందే పాచిక పాప నోటికి దూరంగా ఉందో లేదో చూసుకుంటాడు. తర్వాతే గొంతు సవరించుకుంటాడు.

ఓ ఆదివారం, బోటనీ లెక్చరర్ శ్రీరమ్య ఆడుతున్న వైద్యురాలికి పాడుబడ్డ కోటలో దెయ్యం పట్టింది. ఇక ఆ పాత్రను ఇషాకే నడిపించి, ఆమె చేత మందుల సంచిని బావిలో పారేయించాడు. శ్రీరమ్య లేచి నిలబడింది. “నా మనిషిని మీరే ఆడించుకుంటే నేనెందుకండీ? వచ్చే వారం నుంచి రాను.” ఇషాక్ చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్లో ఎవరికైనా పూనకం వస్తే పెద్దలు నోరు మూయించరు, ఏం కావాలని అడుగుతారు. అది గుర్తొచ్చి, “కూర్చోండి మేడమ్, దెయ్యం కూడా మీదే. దాని కోరికేంటో మీరే చెప్పండి, వీళ్లు బతిమాలతారు” అన్నాడు. ఆటలో సేనాపతి అయిన కెమిస్ట్రీ లెక్చరర్ ప్రేమ్‌చంద్ చేతులు జోడించాడు. “ఏం కావాలి తల్లీ?” శ్రీరమ్య జడ విప్పి ఊగింది. “గుంజీళ్లు తియ్యరా!” “ఆటలోనేగా అండీ?” “ఇక్కడే!” ప్రేమ్‌చంద్ బొజ్జ పట్టుకుని ఇరవై తీశాడు. సిద్దికా కేరింతలు కొట్టింది. “ఇక వదులుతావా అమ్మా?” అన్నాడు రొప్పుతూ.

“అప్పుడేనా? వచ్చే ఆదివారం చెప్తా” అంది దెయ్యం.