తార్నాక గుడిసెల్లో అడగని ప్రశ్న

1968లో నేను విశ్వవిద్యాలయంలోని సాంఘిక శాస్త్ర విభాగంలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. ఇంటింటికీ తిరిగి, అచ్చువేసిన ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకొచ్చే ఉద్యోగం. ఆ ప్రశ్నల కాగితాన్ని షెడ్యూల్ అనేవాళ్లం. మాది మెదక్ వైపు పల్లె. గుడిసెల్లో మాట్లాడే మాట నా నోటికీ వచ్చు కాబట్టి కూలీల బస్తీలన్నీ నా వంతుకే వచ్చేవి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒక పని వచ్చింది. తార్నాకలో సారా దుకాణానికి ఒక చోటు చూశారు. క్యాంపస్‌లో హాస్టళ్లు కడుతున్న రాతిపనివాళ్ల గుడిసెలకూ, వాళ్లు పనికొచ్చే గేటుకూ నడుమ దారిలో ఉందది. అక్కడ దుకాణం పెట్టవచ్చో లేదో తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. తాగుడు ముదిరిన చోటైతే దుకాణం వద్దనాలని, ఆ బస్తీలో అది ఎంత ఉందో చెప్పమని కమిటీ మా విభాగాన్ని అడిగింది.

ఇంటి పెద్దనే అడగాలని మా షెడ్యూల్ నియమం. మగవాళ్లను అడిగాను. "పండుగకో పబ్బానికో" అన్నారు అందరూ. నాలుగో రోజు మల్లయ్య అనే రాళ్లు కొట్టే మేస్త్రీ కూడా అదే చెప్పాడు. కాగితం మడిచి లేస్తుంటే, గంప దించుతున్న అతని భార్య నర్సమ్మ నన్ను ఆపింది.

"ఏం రాసినవమ్మా?"

"పండుగలకే తాగుతడని."

"గట్ల చెప్పిండా?" అని మొగుడి వైపు చూసింది. అతను తల తిప్పుకుని బీడీ ముట్టించాడు. "మరి నన్నెందుకు అడగవు?"

నియమం అట్లా ఉందని ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. వచ్చేశాను.

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. డిపార్ట్‌మెంట్‌లో ట్యాబ్యులేషన్, అంటే జవాబులను పట్టికల్లోకి ఎక్కించడం, మొదలైంది. 'అరుదుగా' అన్న గడిలో నా చేత్తో నేనే గీత మీద గీత గీస్తున్నాను. నాలుగు గీతలు గీయడం, లేచి కిటికీ దాకా పోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మూడో రోజు ఇక ఆగలేక, సర్వే నడిపిస్తున్న మా అధ్యాపకులు రీడర్‌గారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఈ టేబుల్ తప్పు."

"కూడికలో తప్పొచ్చిందా?"

"కూడిక సరిగనే ఉన్నది సార్. మనం అడిగిందే తప్పు. మగవాళ్లనే అడిగినం."

ఆయన పెన్సిల్ పక్కన పెట్టి క్యాలెండర్ చూశారు. "రిపోర్టుకు పది రోజులే ఉన్నది సుగుణా. ఆడవాళ్లను వేరేగ అడిగి రాగలవా?"

మళ్లీ వెళ్లాను. మధ్యాహ్నం సద్ది తినే వేళ, రాళ్ల కుప్పల నీడన ఆడవాళ్ల పక్కన కూర్చుని అడిగాను. నర్సమ్మ చెప్పాల్సిందంతా చెప్పి, రాసింది చదివి వినిపించమంది. 'రోజూ తాగుతాడు' అన్న దగ్గర చెయ్యెత్తింది.

"రోజు అని రాయకు. బేస్తారం తాగడు. దర్గకు పోతడు."

"ఒక్క రోజే కదా అక్కా."

"ఒక్కటైనా తాగని రోజే కదా. రేపు ఎవరన్న వచ్చి, నీ మొగడు బేస్తారం గూడ తాగుతడా అంటే నేనేం చెప్పాలె?"

'రోజూ' కొట్టేసి 'గురువారం తప్ప' అని రాశాను.

కమిటీ క్యాంపస్‌లోనే కూర్చుంది. ఫైళ్లు అందించడానికి నన్నూ గదిలో ఉండనిచ్చారు. ఒక అధికారి మగవాళ్ల జవాబులదీ, ఆడవాళ్ల జవాబులదీ మా రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఆడవాళ్లు మొగుళ్ల మీద కోపంతో ఉన్నదానికి రెండింతలు చెబుతారు. దీన్ని సాక్ష్యమంటే ఎలా?" అన్నాడు.

రీడర్‌గారు నా వైపు చూశారు. కట్టలోంచి నర్సమ్మ షెడ్యూల్ తీసి ఆ అధికారి ముందు పెట్టాను.

"ఈ కొట్టివేత చూడండి సార్. ఆమే కొట్టేయించింది. మొగుడు తాగని రోజును కూడా రాయమని పట్టుబట్టింది."

ఆయన ఒకసారి చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. షెడ్యూల్‌ను మిగతా సభ్యుల వైపు జరిపాడు. ఆ దారిలో దుకాణం వద్దని కమిటీ రాసింది. కొన్ని వారాలకు అది అంబర్‌పేట్ వైపు తెరుచుకుంది.

గెలిచామన్న సంబరంతో నర్సమ్మకు చెప్పడానికి పోయాను. ఆమె నవ్వలేదు.

"కొందరు గంత దూరం నడవలేక తక్కువ చేసిండ్రు, నిజమే. మావోడు గాడికే పోతున్నడు. పోనూ రానూ ఇంకింత ఆలస్యం."

"అయితే మంచి అయినట్టా, చెడ్డ అయినట్టా అక్కా?"

"గప్పుడే ఏం తెలుస్తది? నాలుగు నెలలు పోనీ."

నాలుగు నెలలాగి మళ్లీ సర్వే చేద్దామని రీడర్‌గారిని అడిగాను. "కమిటీ పని అయిపోయింది. నిర్ణయం అయినంక లెక్కలు ఎవరడుగుతరు?" అన్నారు. నా మీద విసుగుతో అన్న మాట కాదది. ఆయనకూ అది నచ్చినట్టు లేదు.

ఆ తర్వాత ఎన్నో సర్వేలు చేశాను. నిర్ణయానికి ముందు సాక్ష్యం కావాలని అందరూ అంటారు. నిర్ణయం వల్ల మనుషులకు ఏమైందో చూసి రమ్మని నన్ను పంపినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఎవరూ పంపకపోయినా పోవాలన్నది నాకు ఆ బస్తీలోనే తెలిసింది. ఆ ఏడే, మిగిలిన ఖాళీ షెడ్యూళ్లు సంచిలో వేసుకుని, నాలుగు నెలలయ్యాక ఒక సెలవు రోజు తార్నాక వెళ్లాను.

"మల్ల సర్కారు అడిగిందా?" అంది నర్సమ్మ.

"లేదక్కా. నేనే వచ్చిన."

ఆమె చాప పరిచి, గుడిసె లోపలికి తిరిగి మొగుణ్ణి పిలిచింది. "ఇగో, బయటికి రా. గీసారి ఇద్దరం చెప్దాం."