సొరచేప ముందు కామా

లూసేయానె నోటికి భయపడనివాళ్లు టోంగా రాజధాని నుకుఆలోఫాలోని మా గ్రంథాలయంలో లేరు. పుస్తకాల వివరాలు ఎక్కించేటప్పుడు ఎవరైనా ఫకవువా వదిలేస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే చోట పెట్టే తలకిందుల కామా అది. బయటివాళ్లకు గుర్తు, మాకు అక్షరం. అది ముందుంటే ‘అంగ’ సొరచేప, లేకపోతే నడవడిక.

అలాంటి మనిషికే ఆ రోజు పెద్ద చిక్కొచ్చి పడింది. ఊరూరా తిరిగి, ముసలివాళ్ల చేత కథలు చెప్పించి ఆమె నింపిన క్యాసెట్లు లోపలి గదిలో ఉన్నాయి. చెమ్మకు చీటీలు ఊడిపోయి, క్యాసెట్ల మీద నంబర్లే మిగిలాయి. ఏ నంబరులో ఎవరి గొంతు ఉందో చెప్పేవి కంప్యూటర్‌లోని రికార్డులే. సాయంత్రం పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. ఈలోగా వాటిని ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదానిలోకి పంపాలి. పంపినప్పుడల్లా ఎర్రర్ వస్తోంది.

సగం సగం విడదీసి పంపి చూశాం. పక్క బల్ల సెమిసి ఎక్కించినవన్నీ నిక్షేపంగా వెళ్లాయి. అతను ఫకవువా పెట్టే బాపతు కాదు. లూసేయానె ఎక్కించినవాటిలో ఆ కామాతో మొదలయ్యేవే ఆగిపోయాయి.

“చూశావా అక్కా, బద్ధకస్తుడి సరుకే ముందు ఒడ్డు చేరింది,” అన్నాడు సెమిసి.

“నోర్ముయ్. నీ సొరచేపలన్నీ నడవడికలైపోయి ఒడ్డెక్కాయి.”

ఆక్లండ్‌లో ఉన్న కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాం. గ్రాంట్ అనే ఆయన మాట్లాడాడు.

“మీరు కొట్టింది కొటేషన్ గుర్తు మేడమ్. పేరు ముందు అది కనిపిస్తే, మా సాఫ్ట్‌వేర్ ముగింపు గుర్తు కోసం వెతుక్కుంటూ పక్క రికార్డుల్లోకి దూరిపోతోంది. అన్నీ తీసేయండి, సరిపోతుంది.”

“మీ పేరులో అక్షరం నాకు అడ్డొస్తే తీసేయనా బాబూ?” అంది లూసేయానె.

ఆయన నవ్వాడు. పాపం, ఆలోచించాడు కూడా. “అసలు ఫకవువాకు వేరే అక్షరం ఉందండీ. అది పెడితే ఏ ఇబ్బందీ ఉండదు. మీ కీబోర్డులో ఉందా?”

లేదు. టైపు మిషన్ల కాలం నుంచి మేమంతా కొటేషన్ గుర్తునే ఫకవువా అనుకుని కొడుతున్నాం. అందరినీ తిట్టిన లూసేయానె కూడా అదే కొట్టింది. ఆమె ముఖం చూస్తే జాలేసింది.

సెమిసి కాసేపు నసిగి, తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. వావావు దీవిలో ఉన్న అమ్మాయికి అతను పంపిన మెసేజ్ అది. ‘ఓఫా’ అని ఉంది. ఓఫా అంటే ప్రేమ. దాని ముందు ముద్దుగా, వంపు తిరిగిన తలకిందుల కామా.

“ఆఫీసులో పెట్టమంటే చేయి నొప్పి, ప్రేమలో మాత్రం అక్షరదోషం ఉండకూడదు కాబోలు,” అంది లూసేయానె.

“నేనెక్కడ పెట్టానక్కా, ఫోనే పెడుతుంది.”

ఆ అక్షరాన్ని కాపీ చేసి, టోంగన్ మాటలున్న చోటల్లా పాతదాని బదులు పెట్టాం. మళ్లీ పంపాం. తెర మీద గీత నిండుతుంటే లూసేయానె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. గీత చివరిదాకా నిండింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. కొత్తదానిలో సొరచేప కథ వెతికి, నంబరు చూసి, లోపలి గదిలోంచి ఆ క్యాసెట్ తెచ్చి టేప్ రికార్డర్‌లో పెట్టింది. కాసేపు గరగరమంది. ఒక ముసలాయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

“సరిగ్గా రాసుకుంటున్నావా పిల్లా?” అన్నాడు.

పదేళ్ల క్రితం పోయిన మనిషి ఆయన. లూసేయానె కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

“ఇప్పుడు సరిగ్గా రాశాను తాతా,” అంది.