కళ్ళకద్దుకున్న గోల్

పిస్కాటవే అనే ఆ విదేశీ ఊళ్ళో తెలుగువాళ్ళు అప్పటికి గుప్పెడుమంది. వాళ్ళలో ప్రమోద ఫుట్‌బాల్ ఆడుతోందంటే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఊరుకోనూ లేదు. "ఇద్దరు పిల్లల తల్లివి, ఈ వయసులో ఈ తన్నులాటలేమిటమ్మా!" అని, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో వసుమతిగారు పులిహోర వడ్డిస్తూనే మందలించారు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయంటే ఆడది ఇక మూల కూర్చోవాలని ఎవరు రాశారో గానీ, మనవాళ్ళు దాన్ని సముద్రాలు దాటించి మరీ తెచ్చుకున్నారు.

ప్రమోద డెబ్భై ఎనిమిదిలో భర్త రాజగోపాల్ వెంట వచ్చింది. ఆయన మందుల కంపెనీలో సైంటిస్టు. పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక ఆయన సిఫార్సుతో ఆమె కూడా ఒక ల్యాబ్‌లో పనికి కుదిరింది. అక్కడే నోరీన్ పరిచయమైంది. ఐరిష్ మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆవిడకు గేలిక్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. గోల్ కర్రల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. తమ దేశం నుంచి వచ్చిన నర్సులనూ ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలనూ కూడగట్టి నోరీన్ ఒక క్లబ్ పెట్టింది. చుట్టుపక్కల రాష్ట్రాల ఆడవాళ్ళ క్లబ్బులు కలిసి ఏటా ఛాంపియన్‌షిప్ ఆడుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. మగవాళ్ళ మ్యాచ్‌లన్నీ అయ్యాకే వీళ్ళకు మైదానం దొరికేది. అప్పటికి గడ్డి పోయి బురద మిగిలేది. కప్పు మాత్రం నోరీన్ క్లబ్బుకు అప్పటిదాకా దక్కలేదు.

ఒకరోజు ల్యాబ్‌లో షెల్ఫ్ మీంచి జారిన గాజు సీసాను ప్రమోద ఒంటిచేత్తో గాల్లోనే పట్టేసింది. తెనాలి కాలేజీలో టెన్నికాయిట్ ఆడిన చేతులవి. నోరీన్ ఆ సాయంత్రమే ఆమెను కార్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి గోల్ ముందు కీపర్‌గా నిలబెట్టింది. జడ ముడేసుకుని, ట్రాక్ సూట్ తొడుక్కుని ప్రమోద అక్కడే పాతుకుపోయింది. వీసా భర్తది, ఇల్లు భర్త ఉద్యోగం పుణ్యమా అని వచ్చింది. ఈ దేశంలో తనంతట తాను సంపాదించుకున్న చోటు ఆ రెండు కర్రల మధ్య ఉన్నదొక్కటే. అది ఆమెకు తెలుసు.

ఎనభై రెండులో క్లబ్ మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. చివరి నిమిషాల్లో ఒక పాయింటు ఆధిక్యం వీళ్ళదే. బంతి గోల్ ముందుకు దొర్లింది. దూరంగా తన్నేద్దామని ప్రమోద ముందుకురికింది. అదే బంతి కోసం అవతలి జట్టు అమ్మాయి షీలా నేలమీదికి దూకింది. ప్రమోద కాలు బంతికి తగల్లేదు, షీలా భుజానికి తగిలింది.

కాలు తగిలితే మనం ఏం చేస్తాం? ప్రమోదా అదే చేసింది. చటుక్కున వంగి, షీలా భుజాన్ని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. కళ్ళు తెరిచేసరికి అవతలి జట్టులో ఇంకో అమ్మాయి బంతిని వలలోకి తోసేసింది. కప్పు చేజారింది.

"ఏం చేశావు నువ్వు? దీవించావా దాన్ని?" అని నోరీన్ మైదానం మధ్యలోనే అరిచింది.

"కాలు తగిలింది. మా దగ్గర అలా చేయకపోతే తప్పు," అంది ప్రమోద.

"ఇక్కడ చేస్తే తప్పు! వచ్చే ఏడాది చూస్తాను. మానుకోలేకపోతే ఇంకో కీపర్‌ని వెతుక్కుంటాను."

ఆ రాత్రి ప్రమోద వెక్కివెక్కి ఏడ్చింది. తరవాత పట్టుబట్టి ప్రాక్టీస్ చేసింది. అమ్మాయిలు కావాలని ఆమె కాళ్ళ దగ్గర పడేవాళ్ళు. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లూ ఆమె నడుం వంగేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

"ఏవండీ, నా వల్ల కాదు. మానేస్తాను," అంది భర్తతో.

రాజగోపాల్ పేపర్లోంచి తలెత్తాడు. "కళ్ళకద్దుకోవద్దని ఎవరన్నారు? ఫైనల్ విజిల్ అయ్యాక అద్దుకో. దేవుడేమైనా స్టాప్‌వాచ్ పట్టుకు కూర్చున్నాడా?"

ఆయన జన్మలో బంతి తన్నలేదు. కానీ ఆ మాట మాత్రం పనిచేసింది.

మరుసటి ఏడాది ఫైనల్లో మళ్ళీ ఆ రెండు జట్లే. మళ్ళీ వీళ్ళదే ఒక్క పాయింటు ఆధిక్యం. ఆట ముగియబోతుండగా బంతి గోల్ ముందు పడింది. షీలా మళ్ళీ దూకింది. ఈసారి ప్రమోద కాలు బంతికీ తగిలింది, షీలా మోచేతికీ తగిలింది. నడుం సగం వంగింది. పళ్ళు బిగబట్టి నిటారుగా నిలబడి, దొర్లుతున్న బంతిని మరోసారి బలంగా తన్నింది. అది మైదానం సగం దాటి పడింది. విజిల్ మోగింది.

నోరీన్ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. జట్టంతా ఆమె వెనకే. ప్రమోద వాళ్ళను తప్పించుకుని, బురదలో మోచెయ్యి పట్టుకుని కూర్చున్న షీలా దగ్గరికి వెళ్ళింది. వంగి ఆ మోచేతిని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది.

షీలా ఏడుపు మొహంతోనే తలెత్తి చూసింది.

"పోయినేడాది వెంటనే చేశావు," అంది.

నోరీన్ జట్టు ప్రమోదను గాల్లోకి ఎత్తేస్తుంటే కూడా, బురద అంటిన కళ్ళతో ఆమె షీలా వైపే చూస్తూ ఉంది.