నల్ల ప్యాంటుకు పన్ను లేదు

మా పెన్సిల్వేనియాలో ఒంటికి తొడుక్కునే మామూలు బట్టలకు అమ్మకం పన్ను లేదు. చేతిసంచికి, నగకు, పెళ్లి గౌనుకు ఉంది. ఈ తేడా బెర్నడీన్ హుడాక్‌కు తెలిసినంతగా మా లోయలో ఎవరికీ తెలియదు. ఆమె బొగ్గుగని కార్మికుడి కూతురు. పదిహేడో ఏట మాతుషెక్ బట్టల కొట్టులో చేరి, ముప్పై ఏళ్లు అదే గల్లా దగ్గర నిలబడింది.

1989లో నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మూతపడింది. నా భర్త పోయి అప్పటికి ఏడాది. కొండమీది హోటల్లో వడ్డించే పని దొరికింది గానీ, నల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు, బూట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలన్నారు. చేతిలో ఉన్నదంతా ఊడ్చి మాతుషెక్ కొట్టులో కొన్నాను. ఆశపడి ఒక చేతిసంచి కూడా. ఆ రోజు బెర్నడీన్ సెలవు. కొత్తగా పెట్టిన కంప్యూటర్ గల్లా మొత్తం మీద ఆరు శాతం పన్ను వేసింది. యంత్రానికి నాకంటే ఎక్కువ తెలుసు కాబోలని అడిగినంతా కట్టేశాను.

మర్నాడు రశీదులు తిరగేస్తూ బెర్నడీన్ తప్పు పట్టేసింది. నాలాగే హోటల్ పనికోసం వచ్చినవాళ్లు కొన్న బట్టలన్నీ ఆ యంత్రంలో పన్నుండే పెళ్లి సూట్ల లెక్కలో పడ్డాయి. ఆమె నేరుగా యజమాని దగ్గరికి వెళ్లి, ఎక్కువ తీసుకున్నది ఎవరిది వాళ్లకు తిరిగివ్వాలంది.

"చిల్లర డబ్బుల కోసం ఊరంతా తిరుగుతావా బెర్నీ? అదేమన్నా నా జేబులోకి పోతోందా? రాష్ట్రానికేగా!" అని మాతుషెక్ విసుక్కున్నాడు.

"ఎవరి జేబులోకి పోతేనేం, తీసింది వాళ్ల జేబులోంచే కదండీ. ఈ నెల పన్ను ఇంకా కట్టలేదు. ఈలోపే తిరిగిచ్చేద్దాం."

"నువ్వు చెప్పిందే చట్టమా?"

ఆమె పన్నుల ఆఫీసుకు ఫోన్ చేసి, రోజూ తొడుక్కోగలిగే బట్టలకు పన్ను లేదని కాగితం మీద రాయించి తెప్పించింది. అది చూశాక మాతుషెక్ గల్లాపెట్టె తెరిచి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

గురువారం మేం ఆడవాళ్లం చర్చి నేలమాళిగలో కూర్చుని, పిండి రేకుల్లో ఉడికిన బంగాళదుంప కూరి పైరోగీలు వొత్తుతున్నాం. బెర్నడీన్ కవర్ల కట్టతో దిగింది. హోటల్లో అడిగి మా పదకొండు మంది పేర్లూ రాసుకొచ్చిందట.

"ఆర్లీన్, చేతులు తుడుచుకో. ఇవిగో నీ అయిదు డాలర్ల నాలుగు సెంట్లు."

"మరి సంచి మీద వేసిందో, అక్కా?" అన్నాను ఆశగా.

"అది నీ ఒళ్లు కప్పుతుందా? సోకుకి పన్ను కట్టాల్సిందే!"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయి ఏడ్చేశాను. ఫ్యాక్టరీ మూసినప్పుడు, భర్తను పాతిపెట్టినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. నాకు తెలియకుండా నావైపు నిలబడ్డ మనిషి ఒకరున్నారని ఆ రోజు తెలిసింది. ఆ డబ్బు మొదటి వారం బస్సు ఛార్జీలకు సరిపోయింది.

కబురు హోటలంతా పాకింది. ఆ ఏటి నుంచి అక్కడివాళ్లంతా బట్టలకు మాతుషెక్ కొట్టుకే వెళ్లేవారు. బెర్నడీన్ పని మానేసిన రోజు, మా హోటల్లోనే విందు జరిగింది. మాతుషెక్ లేచి నిలబడి, "ఆ రోజు ఈవిణ్ణి కసురుకున్నాను. ఈవిడ వల్లే నా కొట్టు నిలిచింది" అన్నాడు. ఆ రశీదుల కథంతా మొదలెట్టబోయాడు.

"ఇంక కూర్చోండి, సూప్ చల్లారిపోతోంది" అంది బెర్నడీన్.

ఆ సూప్ వడ్డించింది నేనే.