తినేవాళ్లను లేపొద్దన్న మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయి నేటికి పన్నెండు రోజులు. ఆ పొద్దున జొన్న జావ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వాకిట్లో కుర్చీలో కూర్చుని, అలాగే గోడకు ఒరిగిపోయింది. డెబ్బై మూడేళ్లు. హుజూర్‌నగర్‌లోని మా ఇంటి ముందు జనం పోగయ్యేలోపు ఎవరెవరికి చెప్పాలో కాగితం మీద వరుసగా రాసుకుని ఫోన్లు చేశాను. ఏ పనైనా రాసుకుంటే గానీ నాకు చేతకాదు. మొదటి పేరు కల్వకుర్తి బాబాయిది. ఆయన మాకు చుట్టం కాదు, మా మామయ్యతో కలిసి మిలట్రీలో పనిచేసిన మనిషి. విషయం చెప్పగానే ఒక్కటే అడిగారు.

"తిన్నంకనేనా బిడ్డా?"

"జావ తాగినంకనే బాబాయ్."

"మంచిది. బయలెల్లుతున్న. నేనొచ్చేదాంక ఆగుండ్రి."

ఆయన రావడానికి ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలూ మా ఇంట్లో ఒకటే ప్రశ్న. అత్తమ్మను బొట్టు పెట్టి సాగనంపాలా, తుడిచి సాగనంపాలా?

మామయ్యను నేను చూడలేదు. మా ఆయనా చూడలేదు. డెబ్బై ఒకటి యుద్ధం మొదలైన సాయంత్రమే, పడమటి సరిహద్దులో ఏటి అవతల ఉన్న ఒక పోస్టు మీద శత్రువులు చెప్పాపెట్టకుండా విరుచుకుపడ్డారు. మామయ్య ఆ పోస్టులో ఉన్నాడు. ఇంటికి శవం రాలేదు. 'కనిపించుట లేదు' అన్న కాగితం వచ్చింది. అప్పటికి అత్తమ్మకు ఇరవై ఏళ్లు, కడుపులో మా ఆయన. పెద్దలు రెండేళ్లు చూసి బొట్టు తీసేయమన్నారు. ఆమె తీయలేదు. పేరంటాల్లో కుంకుమ బరిణె ఆమె దాకా వచ్చేసరికి ఆడవాళ్ల చేతులు ఆగేవి. ఆమే బరిణె అందుకుని, పెట్టుకుని, పక్కావిడకు అందించేది.

స్నానం చేయించాక మామయ్య చెల్లెలు, అంటే మా ఆయన మేనత్త, అత్తమ్మ కుంకుమ బరిణె పట్టుకుని నిలబడిపోయింది. "బొట్టు వెట్టి పంపితె మా అన్న యాడనో బతికున్నట్టు. తుడిసి పంపితె గిన్నేండ్లు ఆమె పట్టిన పంతం మనమే తెంపినట్టు. ఏం జేద్దాం రా?"

మా ఆయన తల ఎత్తలేదు. "బాబాయిని రానీ అత్తా. ఆయనే చెప్పాలె."

ఆ ఐదు గంటల్లో అత్తమ్మ పక్కన కూర్చున్న నాకు ఎన్నో గుర్తొచ్చాయి.

నా పెళ్లైన రెండో ఏడు. భాద్రపద అమావాస్యను మేము పెత్రమాస అంటాం. పోయిన పెద్దల పేర్లు చెప్పించి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఏటా ఎవరో ఒకరి పేరు మరిచిపోతున్నారని, నేను ఆ పేర్లన్నీ అడిగి నోట్‌బుక్కులో తరం వారీగా రాశాను. మా ఆయన తాతముత్తాతల తర్వాత ఖాళీ కనిపిస్తే మామయ్య పేరు రాసేశాను. అయ్యగారు ఆ పేరు చదవగానే అత్తమ్మ లోపలి నుంచి వచ్చి బియ్యం పళ్లెం వెనక్కి తీసుకుంది. పది మంది చూస్తున్నారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. అందరూ వెళ్లాక ఆమే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "తప్పు నీది గాదు బిడ్డా. వరుసల ఖాళీ ఉంటె నువ్వోర్వలేవు. నేను ఓర్సుకున్న, గంతే."

తినేవాళ్లను లేపడం ఆమెకు సహించదు. ఇంట్లో ఒకరు పళ్లెం ముందుంటే ఫోను మోగినా తీయనిచ్చేది కాదు. గేటు దగ్గర గ్యాసు బండ తెచ్చినతను పిలిస్తే, "తింటుండ్రు, జర ఆగు నాయినా" అని అతనికీ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేది. ఒకసారి నేను అన్నం తింటుండగా మా పుట్టింటి నుంచి ఫోను వచ్చింది. ఆమే తీసి మాట్లాడి, వచ్చి నా పళ్లెంలో పెరుగు వేసింది. మారు పెట్టింది. నేను చేయి కడుక్కున్నాక చెప్పింది, మా నాయిన పోయాడని. ఆ కోపంతో నేను నెలల తరబడి ఆమెతో సరిగా మాట్లాడలేదు. నాయిన పోయినప్పుడు నేను పెరుగన్నం తింటున్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు. కానీ ఆమె ఎందుకలా చేసిందో ఆ ఏడు డిసెంబరులో బాబాయి వచ్చినప్పుడు అర్థమైంది.

ఏటా యుద్ధం మొదలైన తేదీకి బాబాయి వచ్చేవారు. అత్తమ్మ ముందు అన్నం పెట్టేది. ఆయన చేయి కడుక్కున్నాక ఎదురుగా కూర్చునేది.

"ఇగ చెప్పు."

"ఏటేట చెప్పేదే గద వదినె! నువ్వు అన్నంబెట్టి పరీక్ష రాయిపిస్తవు."

"ఇంకోపారి చెప్పు. తప్పువోతె వచ్చేయేడు నెయ్యి ఎయ్య."

ఆయన చెప్పేవారు. చలి. చీకటి పడింది. రొట్టెలు, ఆలుగడ్డ కూర. మామయ్య రెండో రొట్టె తుంచాడు. అప్పుడే మొదటి గుండు పడింది. ఎవరో ఆయనను పేరు పెట్టి పిలిచారు. ఆయన పళ్లెం కింద పెట్టి, దాని మీద ఇంకో పళ్లెం బోర్లించి, "వచ్చి తింట" అని లేచాడు.

"గంతే వదినె. మల్ల సూడలే."

అక్కడితో కథ అయిపోయేది, వాదన మొదలయ్యేది. మా ఆయన ఊరుకునేవాడు కాదు. "గెలిచినం గెలిచినం అంటరు. వాళ్ల సిపాయిలు వేలకు వేలు మన చేతిల ఉండిరి. మనోళ్లు ఏమైండ్రో చెప్పినంకనే పంపుతమనాలె గద! ఉత్తగనే పంపిండ్రు. మా బాపు పోయిన జాగ సుత వాళ్లకే వడ్డది."

"తుపాకి కింద వెట్టినోన్ని ఎన్నేండ్లు కూసోవెడ్తవ్ రా? సంతకాలైనయి. యుద్ధం ఒడిసింది."

"నీకు ఒడిసింది బాబాయ్. నువ్వు ఇంటికొచ్చినవ్."

వయసులో ఉన్నప్పుడు అత్తమ్మ కూడా కొడుకు మాటే అనేదట. మా ఆయన ఆ మాటన్న రోజు మాత్రం అనలేదు. "వాళ్లను ఆపుకుంటె వాళ్ల ఆడోళ్లు సుత నా తీరుగ కూసుందురు. నేనొక్కదాన్ని సాలదా? గని కాగితం రాసినోళ్లల్ల ఒక్కడన్న మన వాకిట్లకు రావాలె. నీ మొగడు లేడమ్మా అని నా మొకం జూసి చెప్పాలె. అప్పుడు ఒడుస్తది."

ఎవరూ రాలేదు.

బాబాయి చెప్పిందంతా నేను ఏటా నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఐదేళ్ల కిందట ఆయన ఒక చోట తడబడ్డారు. "అప్పటికే ఆయన చెయ్యి సల్లవడ్డది" అని, వెంటనే "ఆయనది గాదు, పక్కోనిది" అని మంచినీళ్లు అడిగారు. పాత పేజీలన్నీ తిరగేశాను. పక్కన ఇంకొకరున్నట్టు ఎక్కడా లేదు. ఆయన వెళ్లాక నోట్‌బుక్కు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అత్తమ్మ గిన్నెలు సర్దుతోంది.

"విన్నవా అత్తమ్మా?"

"నువ్వు ఇయ్యాల విన్నవు. నేను మొదటి యేడే విన్న. మాటల గాదు, ఆయన కండ్లల్ల."

"మరి అడగవేంది?"

"అడిగితె చెప్తడు. చెప్పినంక ఆ మొకంతోని ఇగ మనింటికి రాడు. మీ మామ ఆఖరుకు ఏం తిన్నడో ఎరిగినోడు గా ఒక్కడే బిడ్డా."

"మరి బొట్టు?"

"అది నాకూ, కాగితం రాసినోళ్లకూ మధ్యల సంగతి."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నోట్‌బుక్కులో కూడా రాయలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక బాబాయి వచ్చారు. చెప్పులు గేటు దగ్గరే వదిలి, అత్తమ్మ కాళ్ల వైపు నిలబడ్డారు. మా ఆయన లేచి వెళ్లాడు. యాభై రెండేళ్ల మనిషి, గొంతు చిన్నపిల్లాడిదైంది.

"ఇప్పుడన్న చెప్పు బాబాయ్. మా బాపు ఏమైండు?"

"నా ఒడిలనే పోయిండు బిడ్డా. పళ్లెంకాడికెల్లి పదడుగులు సుత పోలె. మమ్ముల ఎనుకకు రమ్మన్నరు. ఆయన్ని ఆడ్నే వదిలి ఏరు దాటినం. పైవాళ్లకు చెప్పిన. ఆ జాగ మల్ల మనకు దొరకలే, చూసి రాసేటోడు లేకపాయె. వదినెకు చెప్పాల్నని ఏటేట బస్సెక్కుతుంటి. అన్నంబెట్టేది. నోరు రాకపోతుండె." ఆయన రెండు చేతులూ జోడించారు. "యాబై ఏండ్లు నిన్ను మోసం జేసిన వదినె."

ఇక నేను ఆగలేకపోయాను. "చేయలేదు బాబాయ్. ఆమెకు తెలుసు," అన్నాను. వంటింట్లో ఆమె అన్నదంతా, అన్నది అన్నట్టు చెప్పాను. బాబాయి అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నారు. మేనత్త చేతిలోని బరిణె నాకిచ్చింది. అత్తమ్మ రోజూ తెలిసే పెట్టుకున్న బొట్టు అది. అదే చోట, అంతే పెద్దగా పెట్టాను. ఎవరూ కాదనలేదు.

మూడో రోజు పోయినవాళ్ల పేరు మీద పిట్టకు పెట్టడానికి ఊరి బయటి చెలకకు వెళ్లాం. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టాను. పక్కన ఇంకో విస్తరి వేసి రెండు రొట్టెలు, ఆలుగడ్డ కూర పెట్టమన్నాడు మా ఆయన. పెట్టాను. అత్తమ్మ యాభై ఏళ్లు ఎదురుచూసిన మనిషి, పిట్ట అంత తొందరగా ముట్టదని మేనత్త గొడుగు కూడా తెచ్చుకుంది. మేం పది అడుగులు వెనక్కి జరిగామో లేదో, ఒక కాకి వచ్చి రొట్టెల దగ్గర వాలింది.

ముట్టింది కదా, ఇక వెళ్లొచ్చు. మా ఆయన జేబులో ఫోను మోగింది. తీయబోతుంటే బాబాయి చేయి అడ్డం పెట్టారు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ ఎండలో తొమ్మిది మందిమి, ఒక్క అడుగు కదపకుండా, దగ్గు కూడా ఆపుకుని నిలబడ్డాం. కాకి మొదటి రొట్టె అయ్యాక రెండోది తుంచడం మొదలుపెట్టింది.