పెద్ద బోటా, చిన్న బోటా

మొన్న మా స్కూల్లో టీచర్ల మీటింగులో పిల్లల విహారయాత్ర మాట వచ్చింది. హెడ్మాస్టరుగారు కూర్చోగానే "అరకు అనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. అందరి చేతులూ లేచాయి, నాదీ లేచింది. ఆ తర్వాత అరగంటసేపు మాట్లాడుకున్నదంతా అరకు గొప్పతనమే. నాకు మా మావయ్య ఇంటి అరుగు గుర్తొచ్చింది.

మావయ్యది సముద్రం ఒడ్డున ఊరు. నరసన్నపేటలో ఉద్యోగం వచ్చిన కొత్తలో నా ఆదివారాలన్నీ అక్కడే గడిచేవి. బంధుప్రేమ అని చెప్పుకునేదాన్ని గాని, అసలు సంగతి అత్త చేతి నెత్తళ్ల చేపల పులుసు. వాళ్ల పాత చేపలబోటు అడుగు చీలిపోయిన ఏడాది, కొత్తది ఎలాంటిది కొనాలో తేల్చడానికి ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాం: మావయ్య, ఆయన తమ్ముడు చినమావయ్య, మావయ్య కొడుకు మా బావ, నేను. చినమావయ్య కూర్చుంటూనే "పెద్దదా, సిన్నదా? ముందు అదొక్కటీ సెప్పీయండి" అన్నాడు. నలుగురం పెద్దదే అన్నాం. ఇక ఎవరు నోరు తెరిచినా పెద్ద బోటు పొగడ్తే. దూరం పోవచ్చు, వలలు ఎక్కువ పడతాయి, ఊళ్లో పరువు. నేనైతే దానికి రంగు కూడా ఎంచేశాను.

గుమ్మంలో చేపలు తోముతున్న అత్తని ఎవరూ అడగలేదు. ఆవిడే కత్తిపీట పక్కకి నెట్టి, "దాన్ని ఒడ్డుకి లాగీదెవులు?" అంది. "పాతదాన్ని లాగడానికే మీ మావ దారినపోయేవోళ్లని పిలిసీవోడు. నాను రోజూ బుట్టట్టుకొని అక్కడే కదా ఉంతాను." మళ్లీ తనే అంది: "పెద్దదీ సిన్నదీ అనకండి. పక్కోలికి తెలీంది మీకేటి తెలుసో, అది సెప్పండి."

ముందు మావయ్య కుడి భుజం పట్టుకున్నాడు. చలికాలం నుంచీ నొప్పట. "అందరూ పెద్దదే అంతంటే, నా బుజం గోల ఎందుకులే అనుకున్నాను." బావ నేల చూస్తూ, గుజరాత్ బోట్లలో పనికి ఒప్పుకున్నానని, ఏడాదిలో ఎనిమిది నెలలు ఊళ్లో ఉండనని చెప్పాడు. మావయ్య తిడతాడనుకున్నాను. "ముందే సెప్పాల్రా అయ్యా" అన్నాడంతే, గొంతు తగ్గించి. పక్క ఊరివాళ్లు పెద్ద బోటు కొని, లాగే మనుషుల్లేక ఇసుకలోనే వదిలేశారన్న సంగతి చినమావయ్య అప్పుడు బయటపెట్టాడు.

చిన్నదే కొన్నారు. అన్నదమ్ములిద్దరే దాన్ని నీళ్లలోకి నెట్టుకుంటారు, ఎండెక్కేసరికి నవ్వుకుంటూ తిరిగొస్తారు. బావ వానాకాలంలో వచ్చి వలలు బాగుచేసి వెళ్తాడు.

ఆ ఇంటికి ఎన్నో ఏళ్లు, ఎన్నో ఆదివారాలు వెళ్లాను. వాళ్లు నాకు నిజంగా తెలిసింది మాత్రం ఆ ఒక్క మధ్యాహ్నమే అనిపిస్తుంది.